పెద్దన్న కాపలా

ఒకప్పుడు సముద్రానికి అలల్లేవు. పళ్ళెంలో నీళ్ళలా కదలకుండా, ఎక్కడో దూరంగా తన చోట తాను ఉండేది.

ఒడ్డున ముగ్గురు ఉండేవాళ్ళు. ఇసుకదిబ్బ, మొగలిపొద, ఆ ఇద్దరి మధ్య ఒక చిన్న చెలమ. ఇసుకలో ఊరే ఆ చెలమ నీళ్ళు భలే తియ్యగా ఉండేవి. దానికున్న ఆస్తల్లా ఆ తీపే.

ముగ్గురూ సముద్రాన్ని "పెద్దన్నా" అనేవాళ్ళు. అంటే పోయేదేముంది, అంత పెద్ద శరీరం మరి.

ఒకరోజు పెద్దన్న చెలమతో, "చెల్లీ, పడమటి గాలి సంగతి విన్నావా? నిన్ను ఆరబెట్టేస్తాడట" అన్నాడు.

"ఆయన రోజూ వస్తాడన్నా. ఇన్నాళ్ళూ ఏమీ చెయ్యలేదే."

"అదే అతని ఎత్తు. నువ్వు అమాయకురాలివి. నేనొచ్చి కాపలా ఉంటాలే."

వద్దనేలోపే వచ్చేశాడు. వచ్చి ఊరుకున్నాడా? "దిబ్బ నీ వేళ్ళ మీదికి జరుగుతోంది, చూసుకో" అని మొగలికి చెప్పాడు. "ఆ మొగలి ముళ్ళు పెంచేది నీకోసమే" అని దిబ్బకు చెప్పాడు. ఇద్దరికీ మాటల్లేవు. ఇక ఏం కావాలన్నా పెద్దన్ననే అడగాలి. ఆయన ఆప్యాయంగా పలకరించిన ప్రతిసారీ దిబ్బ పాదాల దగ్గర గంపెడు ఇసుక తగ్గేది. కాపలా ఊరికే వస్తుందా మరి.

చెలమ నీళ్ళు ఉప్పెక్కసాగాయి. తాగడానికొచ్చే పిచ్చుకలు మొహం చిట్లించి వెళ్ళిపోయాయి. చెలమ ఏడ్చింది. కన్నీళ్ళూ ఉప్పే కదా, నీళ్ళు ఇంకాస్త చెడ్డాయి.

"అన్నా, నా తీపి పోతోంది" అంది.

"ఉప్పు మంచిది చెల్లీ. నన్ను చూడు, ఎంత బలంగా ఉన్నానో."

ఆ మాటకి చెలమకు ఒళ్ళు మండింది. దిబ్బనీ మొగలినీ కూర్చోబెట్టి, "మీ అలకలకి నా గొంతు ఉప్పైపోతోంది" అని తిట్టింది. ముగ్గురూ కలిసి చందమామకు చెప్పుకున్నారు. చందమామ పైనుంచి అంతా చూస్తూనే ఉన్నాడు. చూడటంలో ఆయన్ని మించినవాళ్ళు లేరు.

"ఒడ్డు వాళ్ళది. వెనక్కి వెళ్ళు" అన్నాడు సముద్రంతో.

పెద్దన్న ఎదురు చెప్పలేదు. "నేనేమన్నా ఉండిపోదామని వచ్చానా? వాళ్ళ మేలు కోరి వచ్చాను" అంటూ లేచి, పంచె దులుపుకున్నాడు. నాలుగడుగులు వేసి, ఇంటికొచ్చిన చుట్టంలా వెనక్కి తిరిగి, "వెళ్ళొస్తానమ్మా" అన్నాడు.

ఇక్కడే వచ్చింది చిక్కు. గడప దాటేవాణ్ణి "పో" అని ఎవరంటారు? నోరు రాదు. పైగా పీడ వదులుతోందన్న సంతోషం. ముగ్గురూ ఒక్క గొంతుతో, "వెళ్ళి రా అన్నా" అన్నారు.

పెద్దన్న కాస్త దూరం వెళ్ళాడు. గిరుక్కున తిరిగి వచ్చేశాడు.

"ఇదేంటన్నా, వెళ్ళావుగా" అంది చెలమ.

"వెళ్ళాను. రమ్మన్నారు, వచ్చాను. పిలిచాక రాకపోతే ఏం బాగుంటుంది?"

చెలమ చందమామ వైపు చూసింది. ఆయన గొంతు సవరించుకుని, "వెళ్ళమన్నాను, వెళ్ళాడు. మీరు పిలిచారు, వచ్చాడు. అన్నాచెల్లెళ్ళ మధ్య నేనెవర్ని?" అని మబ్బు చాటుకి జరిగాడు.

అప్పటినుంచే సముద్రం వెళ్తూ వస్తూ ఉంటుంది. చెలమ మిగిలిన కాస్త తీపినీ పట్టుకుని ఇసుక అడుక్కి దిగిపోయింది. ఈరోజుకీ తవ్వితేగాని కనిపించదు. పైన ఉంటే, మర్యాదకి మళ్ళీ ఎక్కడ "రా అన్నా" అనేస్తుందోనని దాని భయం.