మంచు కోసం మూడు కొండల ఒప్పందం

మూడు కొండల మధ్య లోయలో ఒకప్పుడు మంచు పాలనురగలా పొంగి, మధ్యాహ్నం దాకా కదిలేది కాదు. ఆకుల మీంచి బొట్లుబొట్లుగా రాలే ఆ నీళ్ళే వేసవంతా జంతువులకు ఆధారం. ఆ తెల్లదనంలో నడుస్తుంటే ముసలి అడవిదున్న గవరమ్మకు తన కాళ్ళు నేలమీద ఉన్నాయో, మబ్బుల్లో ఉన్నాయో తెలిసేది కాదు.

ఏడాదికేడాది ఆ మంచు పలచబడింది. ఎందుకో అందరికీ తెలుసు. దున్నల మందలు ఉప్పు నాకడానికి ఉప్పునేలకు రోజుకు రెండుసార్లు పరిగెత్తి దుమ్ము లేపుతున్నాయి. పందులు వెదురువనాన్ని పెళ్ళగిస్తున్నాయి. కుందేళ్ళకు దాక్కునే చోటు లేకుండా నక్కలు పొదలు తగలబెడుతున్నాయి. ఆ వేసవిలో నీళ్ళందక గవరమ్మ మనవరాలు మూడు వారాల వయసులోనే పోయింది. దున్నల పెద్దయిన ఆమె ఆ దుఃఖంతోనే మిగతా రెండు కొండల పెద్దలకూ కబురంపి పిలిపించింది.

"మా మంద ఇకమీద ఉప్పునేలకు రోజుకొక్కసారే వెళ్తుంది. అదీ నడిచే. తూర్పు చెట్లవాలులో ఇక మేయం," అంది. దూడలు ఆకలికి అరుస్తాయని తెలిసే అంది.

పందుల పెద్ద బూరన్న మూతితో నేల గీరాడు. "వెదురువనం జోలికి పోం అక్కా. దుంపలన్నీ అక్కడే ఉన్నాయి. కడుపు మాడుతుంది గానీ, సరే."

నక్కల పెద్ద సింగన్న తోక విదిలించి లేచాడు. "మేం మెత్తగా నడిచేవాళ్ళం అత్తా, మావల్ల దుమ్మెక్కడిది? ఇక నేలంటారా, మీరిద్దరూ కలిపి వదిలినదానికి నాలుగింతలు వదులుతా. ఉత్తరపు వాలు మొత్తం వదిలేశాం, పొండి!"

ఉత్తరపు వాలంటే ఒట్టి నల్లబండ. గడ్డిపోచైనా మొలవదు. బూరన్న గుర్రుమన్నాడు. గవరమ్మ కళ్ళతోనే అతన్ని ఆపింది.

ఎవరూ కాదనకపోయేసరికి సింగన్నకు ఆశ పుట్టింది. "ఒక్క షరతు. ఎవరు వదిలిన నేలమీద రాలిన నీళ్ళు వాళ్ళవే. ఇంకొకరు అడుగుపెట్టకూడదు. పెద్ద నేల ఇచ్చింది నేను కదా!"

"మాట మార్చవు కదా అల్లుడూ?"

"సింగన్న మాటంటే మాటే!"

"అయితే అలాగే కానీ. అందరం విన్నాం," అంది గవరమ్మ నెమ్మదిగా.

రెండు వానాకాలాలు గడిచాయి. చెట్లవాలు, వెదురువనం మళ్ళీ చిక్కబడ్డాయి. ఒక ఉదయం గవరమ్మ కళ్ళు తెరిచేసరికి లోయ కనిపించలేదు. చెట్ల కొనలు మాత్రం తెల్లని నీళ్ళలో తేలుతున్నట్టున్నాయి. దూడలు కలలో నడుస్తున్నట్టు మంచులోకి వెళ్ళి, ఆకుల కింద నోళ్ళు తెరిచి నిలబడ్డాయి. వెదురువనంలో టపటపమని చినుకుల చప్పుడు.

నల్లబండ మీదా మంచు వాలింది. ఎండ తగలగానే ఆవిరైపోయింది. సింగన్న పిల్లలు రాతిని నాకి నాకి ఏడ్చాయి. నాలుగోరోజు అతను చెట్లవాలు అంచున నిలబడ్డాడు.

"అత్తా, ఒక్క గుక్క..."

"షరతు నీదే కదా అల్లుడూ?"

సింగన్న తల వాల్చాడు. అతని వెనక ఎండిన నాలుకలతో పిల్లలు. గవరమ్మకు మనవరాలి ముఖం గుర్తొచ్చింది. పక్కకు జరిగి దారిచ్చింది. "పిల్లలు తాగనీ. నువ్వు మాత్రం నీ దక్షిణపు పొదలు వదిలి, ఇక నిప్పు పెట్టనని అందరి ముందూ చెప్పాకే తాగు."

నక్కల వేటంతా ఆ దక్షిణపు పొదల్లోనే. అయినా సింగన్న ఆ సాయంత్రమే మూడు కొండల ముందు నిలబడి, పొడారిన గొంతుతో చెప్పాడు.

లేనిదాన్ని త్యాగం చేశానన్నవాడికి, పంపకంలో ఆ లేనిదే వాటాకొస్తుంది.