చుక్కి వేసిన చిరుత వేషం

వెదురు పూసిన ఏడాది అది. కార్తీక మాసం. వానలు వెళ్లిపోయి, పొద్దున పూట గడ్డి మీద మంచు నిలవడం మొదలైంది. అనగనగా అప్పుడు ఒక అడవిలో, వాగు ఒడ్డున, ఒక పెద్ద మద్దిచెట్టు కింద ఒక బడి ఉండేది.

ఆ బడిలో ముప్పై మంది దాకా పిల్లలు. దుప్పి పిల్లలు, కుందేలు పిల్లలు, ఉడుతలు, ఒక ముళ్లపంది పిల్ల. పాఠం చెప్పేది నెమలి సారు. బాగానే చెప్పేవాడు. వానాకాలంలో ఆయన పింఛం విప్పితే, అందులోని కళ్లు లెక్కపెడుతూ పిల్లలు అంకెలు నేర్చుకునేవారు. వానలు పోగానే ఆ పింఛం రాలిపోయేది. అంకెలు ఆగిపోయేవి. అప్పుడిక పిల్లలకు వేరే ఏదైనా చూపించాలని ఆయనకు తహతహ పుట్టేది.

చెట్టు చిటారు కొమ్మ మీద ఓబులేసు ఉండేవాడు. ఓబులేసు కొండముచ్చు. బడికి కాపలా. అతనికి చదువు రాదు. మూడు కేకలు వచ్చు. ఆకాశంలో గద్ద కనిపిస్తే ఒక కేక. అప్పుడు పిల్లలు పొదల కిందికి దూరాలి. గడ్డిలో పాము కనిపిస్తే ఇంకో కేక. అప్పుడు బండ ఎక్కాలి. చిరుత కనిపిస్తే "ఖక్! ఖక్!" అని గొంతు చించుకునే కేక. అప్పుడు నోరు మెదపకుండా, వెనక్కి చూడకుండా పరుగెత్తాలి. బడిలో చేరినవాళ్లకు అక్షరాల కంటే ముందు ఈ కేకలు నేర్పేవారు. కేకలు అందరికీ వచ్చేవి. అక్షరాలు కొందరికే వచ్చేవి.

ఆ కార్తీకంలో ఉత్తరం నుంచి ఒక పెద్దబాతు వచ్చి వాగులో దిగింది. ఏటా చలికి వచ్చేదే. వచ్చినప్పుడల్లా దూరదేశాల కబుర్లు తెచ్చేది. నెమలి సారు పిల్లలను తీసుకుపోయి ఒడ్డున కూర్చోబెట్టాడు.

"మా వైపు ఈ రోజుల్లో ఒక పండుగ చేస్తారు," అంది బాతు. "ఆ రోజు పిల్లలు భయం పుట్టించే వేషాలు వేసుకుని బడికి పోతారు. దయ్యాలు, పుర్రెలు, అట్లాంటివి."

"ఎందుకు?" అని అడిగింది ముళ్లపంది పిల్ల.

"సరదాకి."

"మరి భయపడతారా?"

"లేదు. మిఠాయిలు తింటారు."

ముళ్లపంది పిల్ల చాలాసేపు ఆలోచించింది. దానికి ఏమీ అర్థం కాలేదు. నెమలి సారుకు మాత్రం వెంటనే అర్థమైంది.

"మన బడిలోనూ చేద్దాం," అన్నాడు. జడుపు వేషాల రోజు అని పేరు కూడా అక్కడికక్కడే పెట్టేశాడు.

అయితే ఆ అడవిలో దయ్యాలు లేవు. ఉన్నట్టు ఎవరూ చెప్పలేదు. అక్కడి పిల్లలు జడుసుకునేది మూడింటికే: గద్దకు, పాముకు, చిరుతకు. కాబట్టి వేషాలు కూడా ఆ మూడే అయ్యాయి.

మర్నాడు పెద్దవాళ్లను పిలిచి ఈ సంగతి చెప్పారు. అందరూ బాగుందన్నారు. తిరుపాలమ్మ ఒక్కతే లేచి నిలబడింది. తిరుపాలమ్మ దుప్పి. ఆమె కూతురు చుక్కి రెండో తరగతి.

"సారూ, పిల్లలకు పువ్వుల వేషం వేద్దాం. మబ్బుల వేషం వేద్దాం. చిరుత వేషం మాత్రం వద్దు," అంది. "పోయిన ఏడు నా పెద్దదాన్ని చిరుత తీసుకుపోయింది. నాకు ఇది ఒక్కతే మిగిలింది."

నెమలి సారు గొంతు సవరించుకున్నాడు. "అందుకే వేయాలమ్మా తిరుపాలమ్మా. వేషం వేస్తే భయం పోతుంది."

"భయం పోతే ఎట్లా సారూ? అది ఉండబట్టే కదా ఈమాత్రం బతికి ఉన్నాం."

"పిల్లల సరదాకు నువ్వెందుకు వదినా అడ్డం?" అన్నాడు కుందేళ్ల పెద్ద. "పక్క అడవి బడిలో ఆటలున్నాయి, పాటలున్నాయి. మన బడిలో ఏముంది? లేస్తే పరుగు, కూర్చుంటే పరుగు."

పైనుంచి ఓబులేసు అన్నాడు: "నన్నెవరూ అడగలేదు. అయినా చెబుతున్నా. నాకు వేషాల సంగతి తెలియదు. చుక్కలు కనిపిస్తే అరవడమే తెలుసు."

"నువ్వు అరవడానికి ఉన్నావు ఓబులేసూ. ఆలోచించడానికి మేమున్నాం."

"మంచిది సారూ. అయితే అరుస్తా."

అందరూ తలలు ఊపారు. పండుగ ఖాయమైంది.

ఇంటికి పోతూ దారిలో చుక్కి తల్లిని అడిగింది. "అమ్మా, నాకు చిరుత వేషం వెయ్యవే."

తిరుపాలమ్మ విననట్టు నడిచింది.

వాగు దగ్గర మళ్లీ అడిగింది. "అందరూ వేసుకుంటున్నారే. నేనొక్కదాన్నే దుప్పిలా పోవాలా?"

"నువ్వు దుప్పివే గదే."

"రోజూ దుప్పినేగా. ఒక్కరోజు చిరుతనైతే ఏం పోతుంది?"

మూడోసారి అడగలేదు. మేత మానేసి పక్కకు తిరిగి పడుకుంది. అడగడం కంటే అది బాగా పనిచేసింది.

పిడుగు పడి కాలిన మోడు ఒకటి గుట్ట కింద ఉంది. తిరుపాలమ్మ కూతురిని అక్కడికి తీసుకుపోయింది. దుప్పికీ చిరుతకూ ఉన్న తేడా పెద్దదేమీ కాదు. దుప్పివి తెల్లచుక్కలు, చిరుతవి నల్లచుక్కలు. ఆమె తన మూతికి బొగ్గు రాసుకుని, కూతురి ఒంటి మీద ఉన్న ఒక్కొక్క తెల్లచుక్కనూ ముద్దు పెట్టినట్టు అద్దింది. వీపంతా అయింది. డొక్కలు అయ్యాయి. చుక్కి పరుగున పోయి నీళ్లలో చూసుకుని, ఎగిరి వెనక్కి పడి, పడిపడి నవ్వింది.

పండుగ రోజు వచ్చింది.

అందరికంటే ముందు కుందేలు పిల్ల వచ్చింది. రెండు ఎండిన టేకు ఆకులు రెక్కల్లా కట్టుకుంది. పైనుంచి ఓబులేసు గద్ద కేక వేశాడు. పిల్లలంతా పొదల్లో దూరారు. అందరికంటే ముందు దూరింది గద్ద వేషం వేసిన కుందేలు పిల్లే.

తర్వాత ఉడుత అన్నదమ్ములు వచ్చారు. ఒక పాము కుబుసంలో ఇద్దరూ దూరి, "తల నేను" అంటే "తల నేను" అని కొట్లాడుకుంటూ వచ్చారు. ఓబులేసు పాము కేక వేశాడు. పిల్లలంతా బండ ఎక్కారు. పాము కూడా ఎక్కింది, సగం ఇటు నుంచి, సగం అటు నుంచి.

వాళ్ల తర్వాత చుక్కి వచ్చింది. "ఖక్! ఖక్!" అని అడవి అదిరేలా అరిచాడు ఓబులేసు. పిల్లలు తలా ఒక దిక్కుకు పారిపోయారు. చుక్కి కూడా పారిపోయింది. అందరినీ వెతికి తెచ్చేసరికి పొద్దు బారెడు పైకెక్కింది.

నెమలి సారుకు కోపం వచ్చింది. "ఇట్లా అయితే పండుగ జరిగేదెట్లా?" అని మూడు కట్టుబాట్లు పెట్టాడు. ఓబులేసు అరిచేముందు తనను అడగాలి. కేక వినిపించినా పిల్లలెవరూ కూర్చున్నచోటి నుంచి లేవకూడదు. వేషం వేసినవాళ్లు వేషానికి తగ్గట్టే మాట్లాడాలి. ఎవరు బాగా మాట్లాడితే వాళ్లకు తంగేడు పూల దండ.

"సారూ, అడిగి అరిస్తే అది కేక కాదు. కబురు," అన్నాడు ఓబులేసు.

"ఒక్కరోజే కదా."

"ఆ సంగతి చిరుతకు తెలుసా?"

"తెలియాల్సిన పనేముంది?" అన్నాడు సారు.

తిరుపాలమ్మ వాగు అవతలికి మేతకు పోతూ చెట్టు కింద ఆగింది. "అన్నా, నా బిడ్డ మీద ఒక కన్నేసి ఉంచు."

"రెండు కళ్లూ దాని మీదే ఉన్నాయి తల్లీ," అన్నాడు ఓబులేసు. "నోరే లేదు నాకు ఈరోజు."

పోటీ మొదలైంది. పిల్లలు వరుసలో కూర్చున్నారు. ఒక్కొక్కరే ముందుకు వచ్చి మాట్లాడాలి. కుందేలు పిల్ల, "నేను గద్దను, నాకు ఆకాశమంటే ఇష్టం, లేతగరిక కూడా ఇష్టం," అంది. ఉడుతలు బుసకొడదామని చూసి తుమ్మారు. చుక్కి, "నేను చిరుతను! మీ అందరినీ తింటాను!" అని గిట్టలు తాటించింది. అందరూ చప్పట్లు కొట్టారు.

పిల్లల నవ్వులు గుట్ట దాకా వినిపించాయి. గుట్ట మీద ఒక చిరుత ఉండేది. అది నవ్వులు విని, దిగి, పట్టపగలు వాగు దారి వెంట నడుచుకుంటూ వచ్చింది. అందరూ వరుసలో ఉన్నారని తానూ వరుసలో చివర కూర్చుంది.

దాని వంతు వచ్చింది.

"నీ పేరేమిటి?" అన్నాడు నెమలి సారు.

"చిరుత."

పిల్లలు నవ్వారు.

"ఏ తరగతి?"

"తరగతి లేదు. ఇప్పుడే వచ్చాను."

"ఎందుకొచ్చావు?"

"ఆకలేసి."

"ఎవరిని తింటావు?"

"ఇంకా అనుకోలేదు," అంది చిరుత.

చప్పట్లు మోగిపోయాయి. నెమలి సారుకు ఒళ్లు పులకరించింది. "చూశారా పిల్లలూ! నవ్వలేదు. తడబడలేదు. ఒక్క మాట వేషం దాటి పోలేదు. నేర్చుకోండి!"

"సారూ, వాసన కూడా వస్తోంది," అంది కుందేలు పిల్ల.

"అదే శ్రద్ధ అంటే."

మొదటి దండ కొత్తవాడికి, రెండో దండ చుక్కికి అన్నారు. చుక్కి పోయి చిరుత పక్కన నిలబడింది. చిరుత తల తిప్పి చూసింది.

"నువ్వెవరు?"

"నేనూ చిరుతనే," అంది చుక్కి.

"అలాగా," అంది చిరుత.

చెట్టు మీద ఓబులేసు ఇదంతా చూస్తున్నాడు. వేషాలు వేసుకున్న పిల్లలు నడుస్తున్నంతసేపూ తమను తామే చూసుకున్నారు. ఈ వచ్చినవాడు తనను చూసుకోలేదు. పిల్లలను చూస్తున్నాడు. ఓబులేసుకు గొంతు దాకా కేక వచ్చింది. అరవాలా, అడగాలా? ఉన్నచోటే నోరు తెరిస్తే సరిపోయేది. కానీ అడగమన్నారు. అతను కేక మింగుకుని, కొమ్మకొమ్మకూ దిగి, కిందికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సారూ, ఒక్క మాట."

"ఆగు ఓబులేసూ. దండ వేస్తున్నాను."

"అరవమంటారా సారూ?"

"దేనికి?"

"చిరుతకు."

"ఏ చిరుతకు?"

"మీరు దండ వేస్తున్నదానికి."

నెమలి సారు దండను చూశాడు. దండ కింద మెడను చూశాడు. ఆ మెడ మీద బొగ్గు లేదు. అనుమతి ఇవ్వడం మరిచిపోయి, ఎగిరి చెట్టెక్కాడు.

అప్పుడు ఓబులేసు అనుమతి లేకుండానే అరిచాడు. "ఖక్! ఖక్! ఖక్!"

కూర్చున్నవాళ్లలో ఒక్కరూ లేవలేదు.

"సారు లేవొద్దన్నాడు కదా తాతా," అంది కుందేలు పిల్ల.

ఓబులేసు వరుసలో పడి అందరినీ చేతికి అందినట్టు కొట్టాడు. ఒకడి చెవి మెలేశాడు, ఒకడి వీపు మీద చరిచాడు. ముళ్లపంది పిల్లను కూడా కొట్టి చెయ్యి గాయం చేసుకున్నాడు. అప్పుడు లేచారు. లేచి తలా ఒక దిక్కుకు పారిపోయారు. అంతా బయటపడ్డారు.

చుక్కి మాత్రం మొదటి కేకకే పరుగెత్తింది. తల్లి ఎట్లా నేర్పిందో అట్లాగే చేసింది. నోరు మెదపలేదు. వెనక్కి చూడలేదు. వాగు దాటి నేరుగా తల్లి ఉన్న వైపుకే పోయింది. అందరూ కూర్చుని ఉండగా కదిలింది అది ఒక్కతే. చిరుతలు కదిలేదాని వెంటే పడతాయి. అదీ దాని వెంటే పడింది.

వాగు అవతల తిరుపాలమ్మ కేక విని తలెత్తింది. గాలి ఆమె వైపు నుంచి వాగు వైపుకు వీస్తోంది. వాసన అందలేదు. నల్లచుక్కలవి రెండు తన మీదికి దూసుకొస్తున్నాయి. ముందు ఒక చిన్నది, వెనక ఒక పెద్దది. కూతురికి బొగ్గు అద్దింది తానేనని ఆమె మనసుకు తెలుసు. కానీ కాళ్లు మనసును అడగలేదు. ఆమె వెనక్కి తిరిగి పరుగెత్తింది.

అక్కడ ఒక ముళ్లకంప ఉంది. కంపలో దుప్పి పిల్ల దూరేంత సందు ఒకటి ఉంది. అది తల్లికే తెలుసు. తల్లి సందు చూపించకుండా కంప పైనుంచి ఒక్క దూకు దూకి అవతల పడింది. చుక్కి తల్లి వెనకే దూకింది. అంత ఎత్తు దూకే వయసు కాదు దానిది.

అవతల పదడుగులు పోయాక తిరుపాలమ్మకు కాళ్లు ఆగాయి. అప్పుడు పిలిచింది. "చుక్కీ!" అంది. మళ్లీ పిలిచింది. మూడోసారి కూడా పిలిచింది.

ఆ రోజు బడి నుంచి ఇంటికి రానిది చుక్కి ఒక్కతే. దానికి ఏడు నెలలు.

నీతి: దేన్ని చూసి పారిపోవాలని పిల్లలకు నేర్పుతామో, దాని వేషం పిల్లలకు ఆటకైనా వేయకూడదు.