తలుపు లేని గుడి

మునగదిన్నె మెట్ట మీద, మిరపచేల నడుమ, సున్నం కొట్టిన చిన్న రాతి గుడి ఉంది. ఆదివారపు ఆరాధనకూ, ఈస్టరుకు ముందు వచ్చే శ్రమకాలపు శుక్రవారాలకూ చుట్టుపక్కల ఊళ్ళ విశ్వాసులు ఇక్కడికి నడిచి వస్తారు. గుడికి గడప ఉంది, ద్వారబంధం ఉంది, తలుపు మాత్రం లేదు. మొదటిసారి వచ్చినవారు "పెట్టించడానికి ఎవరూ పూనుకోలేదా?" అని అడుగుతారు. అప్పుడు పెద్దలు వారిని అరుగు మీద కూర్చోబెట్టి ఈ వృత్తాంతం చెబుతారు.

పూర్వం ఈ గుడికి పదకొండు ఇళ్ళవారు ఉండేవారు. సంఘపెద్ద జకరయ్య. అతని చెల్లెలు తబితమ్మను ఆ ఊళ్ళోనే ఇచ్చారు. ఒక క్రిస్మస్‌నాడు, ఆరాధన జరిపే పాస్టరు అయ్యగారు ముందుగా ఎవరింట భోంచేయాలన్న మాట మీద జకరయ్యకూ, తబితమ్మ మామగారికీ పంతం వచ్చింది. ఇటు కోడికూర, అటు వేటమాంసం, నడుమ అయ్యగారు పస్తు. మాట పెరిగింది. జకరయ్య గుడికి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకొని వెళ్ళిపోయాడు. "కలిసిన రోజు కబురు పెట్టండి" అని అయ్యగారు వేరే ఊరికి తరలిపోయారు. దేవుని గుడి తాళం పగలగొట్టడానికి ఎవరికీ చేయి రాలేదు.

ఆదివారం వస్తే తబితమ్మకు గుండె లాగేసేది. పదకొండు ఇళ్ళ గొంతులు కలిసి పాడిన పాట చెవుల్లో ఉండేది, ఎదుట చూస్తే తుప్పు పట్టిన తాళం. ఆమె ఒక దీక్ష పట్టింది. రోజూ ఎసరు పెట్టేముందు ఒక ఇంటి పేరు చెప్పి, "ప్రభువా, వీళ్ళను తీసుకురా" అని పిడికెడు బియ్యం విడిగా తీసేది. శనివారం ఆ బియ్యంతో జావ కాచి, మూసిన గుడి ముందు బాటసారులకు పోసేది. ఎండైనా, ముసురైనా మానలేదు.

"ఏమక్కా, నీ జావకు ఆ తాళం కరుగుతుందా?" అని తోడికోడలు లేయమ్మ ఎకసెక్కమాడేది.

"కరగకపోతే ఇంకాస్త కాస్తానమ్మా," అనేది తబితమ్మ.

ఏడేళ్ళు గడిచాయి. ఒక తెల్లవారుజామున ఆమెకు కల వచ్చింది. గుడి తెరిచి ఉంది. లోపల విస్తళ్ళు వేసి ఉన్నాయి, అందరూ కూర్చున్నారు. తెల్లబట్టల పెద్దమనిషి ఒకరు గరిటె పట్టుకొని నిలబడ్డారు గానీ వడ్డించడం లేదు. "ఒక ఇంటి బియ్యం రాలేదు తల్లీ. అందాకా ఎవరికీ లేదు," అన్నారు.

తబితమ్మ ఉలిక్కిపడి లేచి, వేళ్ళు మడిచి చూసుకుంది. ఏడేళ్ళుగా తాను బియ్యం తీసినది పది ఇళ్ళ పేరుమీదనే. పుట్టింటి పేరు ఒక్కనాడూ నోట రాలేదు. మరచిపోయి కాదు.

ఆ ఉదయం బియ్యంలో చేయి పెట్టి, "మా అన్న జకరయ్య ఇల్లు" అంది. పిడికిలి బిగుసుకుపోయింది. విప్పి చాటలో వేయడానికి చేయి ఒప్పుకోలేదు. మోకాళ్ళ మీద పడి పొద్దెక్కేదాకా ఏడ్చింది. తరువాత ఆ పిడికిలితోనే, కొంగు కప్పుకొని, ఏడేళ్ళుగా తొక్కని పుట్టింటి గడప తొక్కింది.

"ఏం, తాళంచెవి అడగడానికొచ్చావా?" అన్నాడు జకరయ్య, మంచం మీదనుంచి లేవకుండా.

"కాదన్నా. ఇన్నేళ్ళూ అందరికోసం ప్రార్థన చేశాను, నీకోసం చేయలేదు. ఆ తప్పు చెప్పుకోడానికొచ్చాను," అంటూ గింజలు అతని అరచేతిలో పోసింది.

జకరయ్య తల వంచుకున్నాడు. "నేను చెప్పుకోవలసిందీ ఉందమ్మా. ఆ తాళంచెవి మొదటి ఏడే దుక్కిలో ఎక్కడో పడిపోయింది. పోయిందంటే నవ్వుతారని, ఇవ్వనని బిగుసుకు కూర్చున్నాను," అన్నాడు.

తబితమ్మకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. అతడు గునపం తీసుకొని వెళ్ళి, తన చేత్తోనే తలుపును బందులతో సహా ఊడదీశాడు. మళ్ళీ పెట్టించవద్దని చెల్లెలు కోరింది.

ఆ ఆదివారం నాలుగు ఇళ్ళవారే వచ్చారు. తబితమ్మ బియ్యం తీయడం మానలేదు. ఒక్కొక్క ఇల్లే వచ్చి చేరింది. కూలికి కన్నడసీమ వెళ్ళిపోయిన చివరి ఇంటివారి పేరున, తాను కన్నుమూసిన ఉదయం కూడా కోడలి చేత పిడికెడు తీయించింది. ఆమె పోయిన రెండేళ్ళకు వారు తిరిగి వచ్చారు. పదకొండు ఇళ్ళు కలిసి పాడిన ఆ పాటను ఆమె ఈ లోకంలో వినలేదు.

నేటికీ ఈ సంఘపు స్త్రీలు ఎసరు పెట్టేముందు పిడికెడు బియ్యం తీస్తారు. తమకు మాటల్లేని ఇంటి పేరు మొదట చెప్పాలన్నది ఇక్కడి నియమం. శనివారపు జావ తాగి కలిసిన అన్నదమ్ములూ, అత్తాకోడళ్ళూ ఎందరో ఉన్నారని పెద్దల సాక్ష్యం. యాత్రికులు కూడా గుప్పెడు బియ్యం తెచ్చుకోవచ్చు. పేరు నోట రాక నిలబడిపోయినవారిని ఇక్కడ ఎవరూ తొందరపెట్టరు. అది వచ్చేదాకా ప్రభువు కృప వారికి తోడై యుండును గాక.