వీధిగది రంగు వాసన

"గురువుగారూ, నాకు కోపం పూర్తిగా పోయింది. అయినా నిజంగా పోయిందని రూఢి చేసుకోవడం ఎలా?" అని అడిగాడు పరాంకుశం. సబ్ రిజిస్ట్రారుగా చేసి రిటైరైన మనిషి. ఆయన కోపం సంగతి ఊరందరికీ తెలుసు గనక, తక్కిన శిష్యులం తలలు వంచుకుని నవ్వాపుకున్నాం. ఆచార్యులుగారు మాత్రం నవ్వలేదు, జవాబూ చెప్పలేదు. ఆయన తీరే అంత.

ఆ వారమే ఆయన వీధిగదికి రంగులు వేయించారు. వాళ్ళక్కగారు రాజ్యలక్ష్మమ్మగారికి కంటి ఆపరేషను. నెల్లాళ్ళు ఆ గదిలోనే ఉండాలి. ఆవిడకి ఉబ్బసం, ఘాటు తగిలితే ఊపిరాడదు. ఆవిణ్ణి తీసుకురావడానికి ఊరెళుతూ ఆచార్యులుగారు తాళంచెవి పరాంకుశానికిచ్చి, "కిటికీలు బార్లా తీసి మీ ఇంటికి పో. రోజుకోసారి వచ్చి చూడు, చాలు" అన్నారు.

అంత తేలిగ్గా అయిపోతే ఇక పరాంకుశం ఎందుకు? కిటికీలు తీస్తే పచ్చిరంగుకి దుమ్ము అంటుకుంటుందని అన్నీ బిగించేశాడు. ఉల్లిపాయలు వాసన పీలుస్తాయని ఎవరో చెబితే, ఉల్లిపాయ గడప తొక్కని ఆ ఇంట్లోకి రెండు కిలోలు తెచ్చి, వైద్యానికి దోషం లేదని తనకు తానే సర్దిచెప్పుకుని, కోసి బకెట్ల నీళ్ళలో వేశాడు. పళ్ళాల్లో బొగ్గులు పరిచాడు. వాసన ఎప్పుడు పోతుందో కనిపెట్టాలని ఇంటికి కూడా వెళ్ళకుండా రాత్రింబవళ్ళు ఆ గదిలోనే కుర్చీ వేసుక్కూర్చున్నాడు. మొదటిరోజు తల పగిలిపోయిందట. రెండోరోజు కాస్త నయమట. మూడోరోజు, "ఒట్టు, ఇసుమంత కూడా లేదు!" అని మాకు కబురు పెట్టాడు.

నాలుగోరోజు పొద్దున ఆటో దిగిన రాజ్యలక్ష్మమ్మగారు గదిలో ఒక్క అడుగు వేసి, పమిట ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. ఆ వెంటనే దగ్గు, దగ్గుతోపాటే ఆయాసం. పెదాలు నీలంగా మారిపోయాయి. ఆచార్యులుగారు ఆవిణ్ణి అరుగు మీదికి నడిపించి, సంచిలోంచి ఇన్‌హేలర్ తీసి పీల్పించారు. పావుగంటకి గాని ఆవిడ ఊపిరి కుదుటపడలేదు.

పరాంకుశం గది మధ్యన నిలబడి గోడల్ని వాసన చూస్తున్నాడు. "ఏదీ వాసన? నాకు రావడం లేదే! మీకెవరికైనా వస్తోందా?" మేమంతా అప్పటికే ముక్కులు మూసుకున్నాం. "ఆవిడకి దారిలోనే మొదలై ఉంటుంది. ఇక్కడేం లేదంటుంటే వినరేం!" అని ఇల్లు దద్దరిల్లేలా అరిచాడు.

"ఏటిగట్టు దాకా నడిచిరావయ్యా" అన్నారు ఆచార్యులుగారు.

ఎందుకో అర్థం కాకపోయినా వెళ్ళాడు. గంట తర్వాత తిరిగొచ్చి గదిలో కాలు పెట్టబోయి, గుమ్మంలోనే ఆగిపోయాడు. కళ్ళు మండి నీళ్ళు కారాయి. మమ్మల్ని చూశాడు, గోడల్ని చూశాడు, అరుగు మీద నీరసంగా చేరగిలబడిన పెద్దావిణ్ణి చూశాడు. "ఇంతసేపూ ఇది ఇక్కడే ఉందా? మరి మూడు రోజులూ నేను..." అలాగే అరుగు మెట్టు మీద కూలబడి, "అమ్మా, పోయిందనే అనుకున్నాను తల్లీ" అన్నాడు. నవ్వుదామన్నా మాకెవరికీ నవ్వు రాలేదు.

ఆచార్యులుగారు లోపలికెళ్ళి కిటికీలన్నీ తెరిచి వచ్చి, పరాంకుశం పక్కనే కూర్చుని, మెల్లగా అడిగారు: "మొన్న కోపం సంగతి అడిగావు కదా. మీ ఇంటికి చుట్టాలొచ్చి ఎన్నాళ్ళయిందయ్యా?"