ప్రభువుగారి ప్లాను అనుమతి

చింతలకోడూరు సీయోను సంఘంలో ముప్పై ఆరు కుటుంబాలు. ముప్పై ఆరింటికీ తెలివి ఎక్కువే. ఎంత ఎక్కువంటే, పక్కూరి సంఘాలకి కాస్త పంచిపెడదామా అని ఒకసారి కమిటీ వేసి మరీ చర్చించారు. పంచితే తరిగిపోతుందేమోనని మానేశారు.

"తెలివంటే ఏముంది? చెప్పింది చెప్పినట్టు చేయడమే" అనేవాడు సంఘ పెద్ద అబ్నేరు. ఆయన ఆ మాట అన్నప్పుడల్లా అందరూ తలూపేవాళ్ళు. ఆపమని చెప్పేదాకా ఊపుతూనే ఉండేవాళ్ళు.

వాళ్ళ మందిరం ఒక రేకుల షెడ్డు. వాన పడితే అబ్నేరు తల్లి సలోమమ్మ కూర్చునే చోటే కారేది. ఆవిడకి ఎనభై నాలుగేళ్ళు.

"ఒరే అబ్నేరూ, నేను పోయేలోపు ఒక్క ఆరాధనైనా పొడిగా కూర్చుని చేసుకుంటానంటావా?" అందావిడ ఓ ఆదివారం, కొంగు పిండుకుంటూ.

అబ్నేరుకి కళ్ళు చెమర్చాయి. "ఈ క్రిస్మస్‌కి నిన్ను శ్లాబు కింద కూర్చోబెడతానమ్మా. సంఘం ముందు మాటిస్తున్నా" అన్నాడు. అబ్నేరు మాటిస్తే అక్షరం తప్పడు. చిక్కంతా అక్కడే.

శ్లాబు వేయాలంటే మున్సిపాలిటీ అనుమతి కావాలి. ఆఫీసు గోడ మీద 'ఈ కార్యాలయం ప్రజలది' అని పెద్దక్షరాలతో రాసి ఉంది. ప్రజలు మాత్రం ఆ గోడ బయట ఎండలో నిలబడి ఉన్నారు. గుమస్తా భుజంగం కిటికీలోంచి ఫారం విసిరి, "అంతా నిజమే రాయండి. అబద్ధం రాస్తే జైలే" అన్నాడు.

ఇంకేముంది! సంఘమంతా ఫారం చుట్టూ మోకరించింది. మొదటి గడి: స్థల యజమాని పేరు.

"స్థలాన్ని ముప్పై ఏళ్ళ కిందటే ప్రతిష్ఠ చేసి ప్రభువుకి ఇచ్చేశాం కదా?" అన్నారు పాస్టరు అయ్యగారు.

"ఇచ్చేశాం."

"అయితే యజమాని ఎవరు?"

"ప్రభువే! అదే రాయండి అయ్యగారూ, జైలు మనకొద్దు."

రాశారు. తండ్రి పేరు దగ్గర గంటసేపు గొడవ. సగం మంది యోసేపన్నారు, సగం మంది దేవుడన్నారు. అయ్యగారు ఇద్దరినీ రాసి మధ్యలో గీత పెట్టారు. వృత్తి: మొదట్లో వడ్రంగం. ఫోను నంబరు: అక్కర్లేదు, మోకరిస్తే చాలు.

భుజంగం అంతా చదివాడు. నవ్వాలా? నవ్వలేదు. గడులు నిండాయా లేదా అని చూడటం వరకే ఆ ఆఫీసులో ఉద్యోగం. దేనితో నిండాయో చూడటానికి ఇంకా పోస్టు మంజూరు కాలేదు.

"ఫోటో ఏది? పాస్‌పోర్టు సైజు. వెనక తెలుపు. రెండు చెవులూ కనపడాలి."

అంతే! పరుగున వెళ్ళి క్యాలెండరు తెచ్చారు. అందులో ప్రభువు జుట్టు చెవులని కప్పేసింది. క్యాలెండరు పట్టుకుని స్టూడియోకి పరుగెత్తారు.

"జుట్టు వెనక్కి తోసి చెవులు అతికిస్తా. కానీ ఎవరివి అతికించమంటారు?" అన్నాడు స్టూడియో అతను.

చెవుల కోసం ఎన్నిక పెట్టారు. అబ్నేరు చెవులు పదకొండు ఓట్ల తేడాతో గెలిచాయి. ఆ రోజు నుంచి ఆయన మండుటెండలో కూడా మఫ్లరు చుట్టుకుని తిరిగాడు. అవిప్పుడు తనవి కావు గదా, దుమ్ము పడనివ్వకూడదు.

ఫోటో చూసి భుజంగం, "యజమాని బతికే ఉన్నారా?" అన్నాడు.

"చనిపోయారు సార్" అన్నాడు అబ్నేరు.

"అయితే మరణ ధ్రువపత్రం తెండి."

"మూడో రోజు లేచారు సార్."

"అయితే బతికున్నట్టు ధ్రువపత్రం తెండి."

"రెండిట్లో ఏది తేవాలి సార్?"

భుజంగం చిరాగ్గా కలం కింద పెట్టాడు. "రెండూ! రెండిటి మీదా గెజిటెడ్ ఆఫీసరు సంతకం. మధ్యలో ఆ మూడు రోజులకీ విడిగా అఫిడవిట్."

అబ్నేరు తిన్నగా ప్లానింగ్ ఆఫీసరు గదిలోకి వెళ్ళి మొరపెట్టుకున్నాడు. ఆయన ఫోనులో ఉన్నారు. తలెత్తకుండా, "వరండాలో ఉండండి. నేను పిలిచేదాకా కదలొద్దు" అని, వేరే గుమ్మంలోంచి భోజనానికి వెళ్ళి, ఆ సంగతే మర్చిపోయారు.

కదలొద్దన్నారు, కదల్లేదు. అబ్నేరు కబురంపితే ముప్పై ఆరు కుటుంబాలూ దిగాయి. వరండా పొడుగునా మోకరించి ప్రార్థన అందుకున్నారు. "ప్రభువా, భుజంగంగారి కలంలో సిరా నింపు! సీలున్న సొరుగు తాళం దొరికించు! బల్ల కింద చాచిన చెయ్యిని బల్ల మీదికి రప్పించు!"

ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు, మూడు రోజులు. బాత్రూముకి దారి ఆ వరండాలోంచే. "అమ్మా, కాస్త జరగమ్మా, అర్జెంటు!" అని భుజంగం బతిమాలాడు.

"ఆఫీసరుగారు కదలొద్దన్నారు బాబూ. నీ కోసం కూడా ప్రార్థన చేస్తాంలే" అంది సలోమమ్మ. చేశారు, బాత్రూము పేరెత్తి మరీ, గట్టిగా.

మూడో రోజు ఆఫీసరు జుట్టు పీక్కుంటూ బయటికొచ్చారు. "ధ్రువపత్రాలూ వద్దు, ఏమీ వద్దు! రేపు తనిఖీకి వస్తా. స్థలం ఖాళీగా ఉంచండి, అక్కడే అనుమతి పత్రం చేతిలో పెట్టి పోతా. ఇక లేవండి!"

"స్తోత్రం!" అని లేచారు. స్థలం ఖాళీగా ఉండాలి గదా? సాయంత్రానికల్లా షెడ్డు పీకేశారు.

మర్నాడు ఆఫీసరు వచ్చి నోరెళ్ళబెట్టారు. "నేనన్నది షెడ్డు పక్కన మీరు కట్టబోయే చోటు గురించయ్యా!"

"ముందే చెబితే అదొక్కటే ఖాళీ చేసేవాళ్ళం గదా సార్" అన్నాడు అబ్నేరు నొచ్చుకుంటూ. సలోమమ్మ గొడుగేసుకుని మైదానం మధ్య కూర్చుని ఉంది. ఇప్పుడావిడకి కారే రేకు కూడా లేదు.

అయినా అనుమతి వచ్చింది! పత్రం కింద ఒక షరతు ఉంది. 'ఈ అసలు పత్రం నిర్మాణ స్థలాన్ని వదిలి బయటికి పోరాదు.' సంఘానికి నిద్ర పట్టలేదు. గాలికి ఎగిరిపోతే? మేక నమిలేస్తే? అబ్నేరు ఉపాయం చెప్పాడు. పునాదిరాయి వేసిన రోజున పత్రాన్ని దాని కింద పెట్టి, పైన రెండడుగుల కాంక్రీటు పోశారు. ఇక ఎక్కడికి పోతుంది!

వారం తిరక్కుండా ఆఫీసరు జీపు వచ్చింది. "పత్రం చూపించండి."

"స్థలంలోనే ఉంది సార్. అంగుళం కదల్లేదు" అని అబ్నేరు గర్వంగా కాలితో కాంక్రీటు మీద తట్టాడు.

"నేను చూడాలయ్యా!"

"మేం ఏదీ చూడకుండానే నమ్ముతాం సార్. మీకేంటి కష్టం?"

ఆఫీసరు ముఖం ఎర్రబడింది. "ఆ కాగితం నా కళ్ళతో చూసేదాకా, ఇక్కడ నేల మీద ఒక్క ఇటుక లేవడానికి వీల్లేదు!" అని జీపెక్కి వెళ్ళిపోయారు.

సంఘం ఘొల్లుమంది. క్రిస్మస్‌కి పది వారాలే ఉంది. అబ్నేరు తల్లి ముఖం చూడలేక నేల చూశాడు. అలాగే చూస్తూ ఉండిపోయాడు. మెల్లిగా కళ్ళు మెరిశాయి.

"అయ్యగారూ, నేల మీద లేవకూడదన్నారు. కింద గురించి ఏమైనా అన్నారా?"

"ఏమీ అనలేదే!"

అంతే! గునపాలు లేచాయి. మందిరాన్ని కిందికి కట్టారు. పునాదిరాయిని కదపకుండా దాని పక్కనే పన్నెండడుగుల గొయ్యి తవ్వి, గోడలు పై నుంచి కిందికి దించుకుంటూ పోయారు. శ్లాబెప్పుడూ ఆఖర్న వేస్తారు గదా, ఆఖర్న, అంటే అట్టడుగున, దిట్టంగా వేశారు.

క్రిస్మస్ ఉదయం. ముసురు పట్టింది. సలోమమ్మని కుర్చీలో కూర్చోబెట్టి తాళ్ళతో దించారు. కొత్త చీర, కొత్త శ్లాబు. సంఘమంతా కన్నీళ్ళతో చప్పట్లు కొట్టింది. ఆవిడ పైకి చూసింది. నుదుటి మీద చినుకు పడింది. ముక్కు మీద ఇంకోటి.

"ఒరే అబ్నేరూ, శ్లాబేదిరా?"

"నీ కాళ్ళ కిందే ఉందమ్మా!"

"నన్ను శ్లాబు కింద కూర్చోబెడతానని కదరా మాటిచ్చావు? పైన కూర్చోబెట్టావేంట్రా?"

అబ్నేరు గతుక్కుమన్నాడు. నిజమే. సంఘం ముందు ఇచ్చిన మాట. పైకి పరుగెత్తి గునపం తెచ్చాడు.

"కాళ్ళు కాస్త పైకెత్తుకోమ్మా. ఇంకో అయిదడుగులు తవ్వితే చాలు, దాని కిందికి వెళ్ళిపోతావు."