చిప్పలదుర్గం బొజ్జ వీరన్న

చిప్పలదుర్గం కోటవాకిలి పక్కనున్న చిన్న గుడిలో మూలవిరాట్టు ఒక వీరగల్లు, పోరులో ఒరిగిన వీరుని పేర నిలిపిన రాయి. చేతిలో కత్తి ఉన్నా, జనం బొజ్జ వీరన్న అని పిలుచుకునే ఈ స్వామి పొట్టిగా, బొజ్జతో ఉంటాడు. మొదటిసారి వచ్చిన భక్తులు నవ్వు ఆపుకోలేరు. ఆపుకోనక్కరలేదు. ఈ సన్నిధిలో నవ్వడం అపచారం కాదు.

పూర్వం ఈ దుర్గాన్ని తిమ్మానాయకుడనే పాళెగాడు ఏలేవాడు. ఒకసారి శత్రువులు మీదపడినప్పుడు, కోటకాపరి గిడ్డయ్య ఊరిజనమంతా లోపలికి చేరేదాకా వాకిట్లో నిలబడి పోరాడి, అక్కడే ప్రాణం విడిచాడు. నాయకుడు అతని పేర ఏటా ఉత్సవం జరిపి తోలుబొమ్మలాట ఆడించేవాడు. బొమ్మలాట కొండోజి నాయకుని మెప్పుకోసం గిడ్డయ్యను ఆరడుగుల ఎత్తున, మెలితిరిగిన మీసాలతో తయారుచేశాడు. ఆ బొమ్మ ఒక్క వేటుకు వందమందిని పడగొట్టేది. జనం జేజేలు కొట్టేవారు. గిడ్డయ్య భార్య సుంకులమ్మ మాత్రం చివరిదాకా చూసి, కొంగు దులుపుకుని ఇంటికి పోయేది.

ఒక ఏడు ఉత్సవానికి ముందు గిడ్డయ్య కొండోజి కలలో కనిపించాడు. "నీ ఆటలో కత్తి తిప్పే ఆ పొడుగాయన ఎవురప్పా? నా పెండ్లాము ఏటా నన్ను చూద్దామని వచ్చి, ఎవురో పరాయి మొగోణ్ణి చూసి పోతాంది" అన్నాడు.

తెల్లవారగానే కొండోజి సుంకులమ్మ గడపలో నిలబడి, ఆయన ఎట్లా ఉండేవాడని అడిగాడు. ఆ మాట ఆమెను అడిగినవారు అంతవరకూ లేరు.

"పొట్టి. బొజ్జ. ఆకలైతే యుద్ధమైనా ఆగాల్సిందే. ఆ పొద్దుగూడా సగందూరం పోయి, రొట్టె మరిచినానని ఎనక్కొచ్చినాడు."

కొండోజి కొత్త బొమ్మ చేస్తున్నాడని నాయకునికి తెలిసింది. తన వీరుణ్ణి నవ్వులపాలు చేస్తే బొమ్మలన్నీ తగలబెట్టిస్తానని కబురుపెట్టాడు. కొండోజికి అటు నాయకుని భయం, ఇటు చచ్చినవాని భయం. నాయకుడైతే కలలోకి రాడు గదా అని ధైర్యం తెచ్చుకున్నాడు.

ఆటలో బొజ్జబొమ్మ కత్తి దూసి బయల్దేరింది. సగందూరంలో ఆగి, నడుము తడుముకుని, గిరుక్కున వెనుదిరిగింది. జనం గొల్లున నవ్వారు. నాయకుడు కళ్లెర్రజేసి లేచాడు.

సుంకులమ్మ తెరమీద చూపు తిప్పకుండానే, "కూచోండి దొరా. ఆయప్ప ఇంకా రొట్టె తీసుకోలా" అంది.

నాయకుడు కూర్చున్నాడు. బొమ్మ రొట్టె మూట నడుముకు కట్టుకుని వాకిట్లో నిలబడింది. ఊరంతా లోపలికి చేరాక ఒరిగిపోయింది. ఎవరూ జేజేలు కొట్టలేదు. సుంకులమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ, "ఈ ఏడు వచ్చినాడు" అంది. ఆ బొమ్మ పోలికలతోనే నాయకుడు ఈ రాయి చెక్కించాడు.

నేటికీ మాఘమాసంలో ఆట జరుగుతుంది. పటాలంలో ప్రాణాలర్పించినవారి ఇళ్లవాళ్లు వచ్చి, తమవారి అలవాటు ఒకటి బొమ్మలాయన చెవిన వేస్తారు. ఆయన దాన్ని ఆటలో వీరన్న బొమ్మచేత చేయిస్తాడు. అలా చెప్పుకున్నవారికి గుండెబరువు దిగుతుందని నమ్మకం. నిరుడు మేము చూస్తుండగా ఒక జవాను తల్లి, తన కొడుకు ఎప్పుడూ పాడుతుండేవాడని చెప్పింది. బొమ్మలాయన గొంతు సవరించుకుని కమ్మగా ఒక చరణం ఎత్తుకున్నాడు. ఆమె కాసేపు విని, "ఇంత బాగా పాడేవాడు గాదు నాయనా" అంది.

ఆయన మళ్లీ మొదటినుంచి, శ్రుతి తప్పించి పాడాడు. ఆమె తల ఊపింది.