పిరికి సూసమ్మ ముందు నడిచిన పండగ

అనగనగా ఒక లంక. అటు చూస్తే గోదారే, ఇటు చూస్తే గోదారే. వంతెనలు లేని కాలం. పడవవాడు రానంటే పెళ్ళయినా ఆగిపోవాల్సిన కాలం. ఆ లంక చివర, అరటితోటలకి అవతల, ఓ చిన్న పేట ఉండేది. ఆ పేటలో సూసమ్మ అనే ఆవిడ ఉండేది.

సూసమ్మకి మొగుడు లేడు, పిల్లల్లేరు. గట్ల మీద గడ్డి కోసి, మోపు కట్టి, పశువులున్నవాళ్ళకి అమ్ముకుని బతికేది. ఆవిడకి పుష్కలంగా ఉన్నది ఒక్కటే, భయం. ఉరిమితే భయం. ఏరు పొంగితే భయం. కుక్క మొరిగితే భయం. గడ్డి కోస్తూ కోస్తూ పామేమోనని కొడవలి అక్కడే పారేసి పరుగెత్తుకొచ్చేది. అందుకని అందరూ పిరికి సూసమ్మ అనేవారు. మొహం మీదే అనేవారు. ఆవిడా నవ్వేసేది. ఏం చేస్తుంది మరి!

అప్పుడప్పుడు ఏరు దాటి ఉపదేశి తీతుగారు వచ్చేవారు. తాటాకు పాకలో అందర్నీ కూర్చోబెట్టి ప్రభువు కథ చెప్పేవారు. ఏ తప్పూ చెయ్యనివాణ్ణి సిలువ వేశారనీ, మూడో నాడు ఆయన సమాధిలోంచి లేచాడనీ, పరలోకానికి వెళ్ళి తండ్రి కుడిపక్కన కూర్చున్నాడనీ చెప్పేవారు. అందరూ తలలూపేవారు. సూసమ్మ మాత్రం ఓ మూల కూర్చుని చీరకొంగు నలుపుతూ ఉండేది.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది.

"అయ్యగారూ, ఆయన అంత ఎత్తున కూర్చున్నాక, ఇక్కడ నాలాంటిదాని గుండె దడదడలాడుతుంటే ఆయనకేం తెలుస్తుందండీ?"

పాకంతా నవ్వింది. తీతుగారు నవ్వలేదు.

"లేచి వచ్చినప్పుడు కూడా ఆయన చేతులకి మేకుల గాయాలు అలాగే ఉన్నాయమ్మా. ఆ చేతులతోనే పైకి వెళ్ళాడు. దెబ్బ తిన్నవాడికి తెలియదంటావా?"

సూసమ్మ ఆ మాట మనసులో పెట్టుకుంది. భయం మాత్రం పోలేదు.

ఆ ఏడు ఎండలు ముందే ముదిరాయి. పేట పక్కనున్న చిన్న పాయ ఎండి ఇసక తేలింది. మిగిలిన నీళ్ళు పాచిపట్టాయి. పేటలోకి వాంతుల రోగం దిగింది. పొద్దున్న తిరుగుతూ కనిపించిన మనిషి సాయంత్రానికి కళ్ళు పీక్కుపోయి పడి ఉండేవాడు. అవతలి గట్టువాళ్ళు పడవలు ఆపేశారు. తీతుగారు రాలేకపోయారు.

మొదట ఓ ముసలాయన పోయాడు. పేటంతా కదిలింది. ఇసక దాటి, సమాధుల దిబ్బ మీద పూడ్చి వచ్చారు.

తర్వాత పడవ నడిపే ఆనందు పోయాడు. పట్టుమని నలుగురు వెళ్ళారు.

ఆ తర్వాత ఆనందు పెళ్ళాం దీనమ్మ పోయింది. ఎవరూ వెళ్ళలేదు.

మర్నాడు పునరుత్థాన పండగ. మామూలుగా అయితే ఆ వేళకి పేటలో ఇళ్ళు అలుకుతూ ఉండాలి, పిల్లలు పూలకి పరుగులు పెడుతూ ఉండాలి. ఆ రోజు తలుపులన్నీ మూసే ఉన్నాయి. దీనమ్మ ఇంట్లోంచి చంటిపిల్ల ఏడుపు ఒక్కటే వినిపిస్తోంది. ఇంకా నడక రాని పిల్ల. ఆ ఏడుపు అందరికీ వినిపిస్తోంది. ఎవరూ తలుపు తియ్యడం లేదు.

సూసమ్మ పాక ఆ ఇంటికి ఎదురుగానే ఉంది. చెవులు మూసుకుంది. ఎవరో ఒకరు వెళ్తారులే అనుకుంది. పక్కింటివాళ్ళు వెళ్తారులే అనుకుంది. ఎవరూ వెళ్ళలేదు. ఎండ వాలుతుంటే ఏడుపు సన్నబడింది. ఇందాకటిదాకా ఆ ఏడుపు వినాలంటే భయం. ఇప్పుడు అది ఆగిపోతుందేమోనని భయం.

లేచింది. గడప దాకా వెళ్ళి వెనక్కి వచ్చేసింది.

మళ్ళీ లేచింది. వీధి మధ్య దాకా వెళ్ళి వెనక్కి వచ్చేసింది.

మూడోసారి లేచి, "అయ్యా, నువ్వు బతికే ఉన్నావంటగా. నాకు కాళ్ళాడట్లేదు. నాతో రా," అంది. ఏ జవాబూ రాలేదు. ఒళ్ళంతా వణికింది. వణుకుతూనే వెళ్ళింది.

పిల్ల తల్లి పక్కన, ఆవిడ పైట పట్టుకుని పడి ఉంది. సూసమ్మ ఎత్తుకుంది. చేతులు ఎంత వణికాయంటే, జారిపోతుందేమోనని పిల్లని కొంగుతో నడుముకి కట్టేసుకుంది. ఇంటికి తెచ్చి కడిగి, పెరట్లో మేకని పితికి, ఆ పాలు కాచి, గుడ్డపీలికతో చుక్క చుక్కగా పట్టింది. పిల్ల గుటక వేసింది. అప్పుడు మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళి, దీనమ్మ ఒళ్ళు తుడిచి, తనకున్న తెల్లచీర కప్పింది.

తెల్లవారుతూనే పిల్లని చంకనేసుకుని బయల్దేరింది. పాడె మొయ్యడం ఒక్కదానివల్ల అయ్యే పనా?

మొదటి తలుపు కొట్టింది. "నాకూ పిల్లలున్నారు సూసమ్మా, నన్నడక్కు," అని లోపల్నించి ఓ ఆడగొంతు వినిపించింది. ఆవిడదీ నిజమే.

రెండో తలుపు కొట్టింది. అది సంఘపెద్ద ఇల్లు. "ఉపదేశిగారిని రానీ. ఆయన లేకుండా ఎలాగ?" అన్నాడాయన.

మూడో తలుపు గిద్యోనుది. వరదలో కొట్టుకుపోతున్న ఎద్దుని ఈదుకుంటూ వెళ్ళి గట్టుకి లాక్కొచ్చిన మనిషి. తలుపు సందులోంచి చూశాడు.

"నువ్వా! దీనమ్మ ఇంట్లోకి వెళ్ళింది నువ్వా! నీకు భయం వెయ్యట్లేదూ?"

"ఎందుకు వెయ్యట్లేదు తమ్ముడూ, చూడు," అని చెయ్యి చాచింది. గాలికి అరటాకు ఊగినట్టు ఊగుతోంది.

"మరెలా వెళ్ళావక్కా?"

"భయం పోయాక వెళ్దామనే కూర్చున్నాను. అది పోయేలా లేదు. పిల్ల పోయేలా ఉంది."

గిద్యోను తన పెళ్ళాం లేయమ్మకి కూడా ఎప్పుడూ చెప్పని మాట చెప్పాడు. "నాకూ భయంగానే ఉందక్కా." ఆ మాట అని గొళ్ళెం తీశాడు.

గిద్యోను వీధిలోకి రావడం చూసి ఇంకో తలుపు తెరుచుకుంది. దాన్ని చూసి ఇంకోటి. సంఘపెద్ద కూడా తల దించుకుని వచ్చాడు. పాడె కట్టారు. ఎత్తారు. తీరా ఎత్తాక ఎవరూ అడుగు వెయ్యరు. ముందు ఎవరు నడవాలి? ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

సూసమ్మకి ఒళ్ళంతా వణికింది. వణుకుతూనే ముందు నడిచింది. ఆవిడ వెనక పాడె, పాడె వెనక పేట. అలా ఇసక దాటారు.

గొయ్యి పూడ్చాక ప్రార్థన చెప్పేవాళ్ళు లేరు. అందరూ సూసమ్మ వైపే చూశారు. ఆవిడకి వచనాలు రావు. పిల్లని గట్టిగా పట్టుకుని తనకొచ్చిన మాటే చెప్పింది.

"అయ్యా, నువ్వు ఇలాంటి చోటునించే లేచి వెళ్ళావంట. ఈ మనిషి పేరు దీనమ్మ. మర్చిపోకు. మేం ఇంకా కిందే ఉన్నాం. మాకు భయంగా ఉంది. అక్కణ్ణించి చూస్తూ ఉండు. పిల్లని నేను చూసుకుంటాను."

ఎవరో వెక్కివెక్కి ఏడ్చారు. ఇవాళ పండగ కదా అని అప్పుడు గుర్తొచ్చింది అందరికీ.

ఆ రోజు నుంచి పేటలో తలుపులు మూసుకోలేదు. సూసమ్మ ఇంటింటికీ గంజి పట్టుకెళ్ళేది. ప్రతి గడప దగ్గరా ఒక్క క్షణం ఆగేది, ఊపిరి పీల్చుకునేది, లోపలికి వెళ్ళేది. పడ్డవాళ్ళలో కొందరు పోయారు, ఎక్కువమంది లేచారు. వానలు పడే వేళకి రోగం తగ్గింది. తగ్గుతూ తగ్గుతూ సూసమ్మని పట్టుకుంది.

లేయమ్మ పక్కన కూర్చుంది.

"భయంగా ఉందే లేయా."

"ప్రభువున్నాడుగా అక్కా."

"ఉన్నాడు. ఉన్నా భయంగానే ఉంది. చెయ్యి పట్టుకో."

లేయమ్మ పట్టుకుంది. ఆ చెయ్యి చివరిదాకా వణుకుతూనే ఉంది. తర్వాత ఆగింది.

ఆవిణ్ణి దిబ్బకి తీసుకెళ్ళడానికి రానివాళ్ళు లేరు. అయినా పేటకి మనశ్శాంతి లేకపోయింది. పడవలు తిరగడం మొదలై తీతుగారు రాగానే లేయమ్మ ఏడుస్తూ అడిగింది.

"అయ్యగారూ, భయపడుతూనే పోయిందండీ. నమ్మకం చాలలేదంటారా? ఆయన దగ్గరికి రానిస్తాడంటారా?"

తీతుగారు అంతకుముందే సమాధి దగ్గర చాలాసేపు ఏడ్చి వచ్చారు. పుస్తకం తెరవలేదు.

"ప్రభువు లేచిన పొద్దున సమాధి దగ్గరికి వెళ్ళింది ఎవరమ్మా? ఆడవాళ్ళు. ధైర్యంగా వెళ్ళారా? వణికిపోయారు. అయినా ఆయన లేచాడన్న కబురు దేవదూతలు ముందు వాళ్ళకే చెప్పారు. ధైర్యం వచ్చాక రండి అనలేదు."

లేయమ్మ కళ్ళు తుడుచుకుంది. అందరి దిగులూ తీరిందని చెప్పలేను. కొందరిది తీరింది.

దీనమ్మ పిల్లని గిద్యోను, లేయమ్మ పెంచారు. రూతమ్మ అని పేరు పెట్టారు. రూతమ్మ పెద్దదయింది, పెళ్ళయింది, నెలలు నిండాయి. కన్నతల్లి తనని చంటిపిల్లగా వదిలేసి పోయింది కదా, తనకీ అలాగే అవుతుందేమోనని దాని బెంగ. పండగ పొద్దున, ఏటా వెళ్ళినట్టే, అందరూ సమాధుల దిబ్బకి బయల్దేరుతుంటే, పెద్దలు ముందు నిలబడ్డారు, అది అందరికంటే వెనక నిలబడింది. గిద్యోను అప్పటికి ముసలివాడు. వెనక్కి వచ్చి దాని చెయ్యి పట్టుకున్నాడు.

"ఎందుకు నాన్నా?"

"నీకు భయంగా ఉందా?"

"ఉంది."

"అయితే నీ చోటు ఇది కాదమ్మా, ముందు," అని తీసుకెళ్ళి అందరికంటే ముందు నిలబెట్టాడు. సంఘపెద్దలు పక్కకి జరిగారు. రూతమ్మ నడిచింది. పేటంతా దాని వెనక నడిచింది.

ఆ లంకకి ఇప్పుడు వంతెన ఉంది, సిమెంటు గుడి ఉంది, మైకులున్నాయి. అయినా పునరుత్థాన పండగ తెల్లవారుజామున అక్కడ పాస్టరుగారు ముందు నడవరు. ఆ ఏడాది ఎవరి గుండె ఎక్కువ దడదడలాడుతుంటే వాళ్ళు నడుస్తారు. ఆపరేషను ఉన్నవాళ్ళు, కువైట్ వెళ్ళిన మనిషి దగ్గర్నించి ఫోను రానివాళ్ళు, బిడ్డకి జ్వరం తగ్గనివాళ్ళు. దానికి ఎన్నికలేం ఉండవు. "ఈసారి నేను నడుస్తానండీ" అని వాళ్ళే వస్తారు. అలా ఒకరు వస్తే చాలు, ఎందుకని ఎవరూ అడగరు. భయపడకని కూడా ఎవరూ అనరు. "నడువమ్మా, మేం వెనకే ఉన్నాం" అంటారు.

దిబ్బ ఎక్కాక, ముందు నడిచిన మనిషి సమాధుల వైపు తిరిగి "ప్రభువు లేచాడు" అనాలి. ఒక్కోసారి ఆ గొంతు పెగలదు, పక్కనున్నవాళ్ళకి కూడా సరిగ్గా వినపడదు. పేటంతా ఆగుతుంది. తొందరపెట్టరు. ఆ మాట ఎంత సన్నగా వచ్చినా సరే, వెనకున్నవాళ్ళంతా గోదారి అవతలికి వినపడేలా "నిజంగా లేచాడు!" అంటారు.